ఐటీ ఉద్యోగుల్లో ఉత్సాహం పెంచే మూడు నెలల కార్యక్రమం: రుషికొండ నుంచి ఒక సమీక్ష

విశాఖపట్నం రుషికొండలో 34 మంది ఉన్న ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో నేను డెలివరీ మేనేజరుగా పనిచేస్తున్నాను. ఓడరేవు మీదుగా సరుకు ఎగుమతి, దిగుమతి చేసే వ్యాపారుల తరఫున కస్టమ్స్ పత్రాలు దాఖలు చేసే ఏజెంట్లు, అంటే వన్‌టౌన్‌లో అందరూ సీహెచ్‌ఏలు అని పిలిచేవారు, రోజూ వాడుకునే సాఫ్ట్‌వేరును తయారుచేసి నడిపించడం మా పని. ఉద్యోగుల్లో పని పట్ల ఉత్సాహాన్ని పెంచుతామని చెప్పే ఒక శిక్షణ సంస్థ దగ్గర మేము మూడు నెలల కార్యక్రమాన్ని కొన్నాము. మనిషికి 4,500 రూపాయల చొప్పున 1,53,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి మొత్తం 1,80,540 రూపాయలు చెల్లించాము. మా స్థాయి సంస్థకు ఇది చిన్న మొత్తం కాదు. ఇలాంటి కార్యక్రమాలు అమ్మేవారు చాలామంది ఉన్నారు, వాటిలోని అంశాలు కూడా దాదాపు ఒకేలా ఉంటున్నాయి. కాబట్టి సంస్థ పేరు కంటే, అందులో ఏ అంశం పనికివచ్చింది, ఏది హాని చేసింది అన్నదే కొనబోయేవారికి అవసరమని భావించి, పేరు వదిలేసి ఆ వివరాలే రాస్తున్నాను.

ముందుగా, ఎందుకు కొన్నామో చెప్పాలి. కార్యక్రమానికి ముందు ఆరు నెలల్లో మా దగ్గర ఏడుగురు రాజీనామా చేశారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ విశాఖలో తన కేంద్రాన్ని ప్రారంభించింది. 2025లో రుషికొండలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇక్కడ 15 బిలియన్ డాలర్ల పెట్టుబడిని ప్రకటించింది. నగరానికి ఇవన్నీ మంచి వార్తలే. మా వంటి చిన్న సంస్థలకు మాత్రం, మూడేళ్లు కష్టపడి పని నేర్పించిన మనిషి ఒక సోమవారం ఉదయం నోటీస్ పీరియడ్ గురించి అడగడంగా ఆ మార్పు కనిపిస్తుంది. పెద్ద సంస్థల జీతాలతో పోటీపడే శక్తి మాకు లేదు. జీతం ఒక్కటే కారణమైతే మేము చేయగలిగింది ఏమీ ఉండదు; కానీ వెళ్లిపోయిన ఏడుగురిలో ఇద్దరు మా కంటే తక్కువ పెరుగుదలకే వేరే చోట చేరారని తెలిసినప్పుడు, జీతం కాని కారణమేదో మా కార్యాలయంలోనే ఉందని, దాన్ని మేము చూడలేకపోతున్నామని అర్థమైంది.

కార్యక్రమంలో మొదట ఒక సర్వే, తర్వాత బీచ్ రోడ్డులోని ఒక హోటల్లో సగం రోజు ప్రసంగం, మూడు నెలల పాటు పాయింట్లు ఇచ్చే మొబైల్ యాప్, ఒక అరకు యాత్ర, ప్రతి ఉద్యోగితో 45 నిమిషాల ఏకాంత సంభాషణ, మా సాఫ్ట్‌వేరును వాడేవారి కార్యాలయానికి ఒక పూట సందర్శన, చివర్లో ఒక నివేదిక ఉన్నాయి. ధరల పట్టికలో యాప్‌కు, యాత్రకు పెద్ద మొత్తాలు వేసి, సంభాషణలను, సందర్శనను చివరి రెండు వరుసల్లో చిన్న మొత్తాలతో చూపించారు. మూడు నెలల తర్వాత నా అభిప్రాయం సరిగ్గా అందుకు తిరగబడి ఉంది.

సర్వే గురించి ఒక హెచ్చరిక చేయాలి. నలభై ప్రశ్నలున్న ఆ ఫారం మీద పేరు రాయనక్కర్లేదని, సమాధానాలు ఎవరివో ఎవరికీ తెలియవని చెప్పారు. కానీ మొదటి పేజీలోనే ఏ జట్టు, స్త్రీనా పురుషుడా, ఎన్నేళ్ల అనుభవం అని అడిగారు. మా డేటాబేస్ జట్టులో ఉన్నది ముగ్గురు. అందులో స్త్రీ ఒక్కరే. ఆమె ఫారాన్ని ఎవరు తెరిచినా అది ఎవరిదో చెప్పగలరు. మూడో రోజున ఆమె నా దగ్గరికి వచ్చి, తన మేనేజరు గురించి రాసిన మాటలు తిరిగి తీసుకోవచ్చా అని అడిగింది. ఆమె ముఖంలోని భయం చూశాక, ఆ ఫలితాలను జట్లవారీగా ఇవ్వవద్దని, మొత్తం సంస్థకు కలిపి మాత్రమే ఇవ్వాలని నేను ఆ శిక్షణ సంస్థకు రాసి పంపాను. వారు ఒప్పుకున్నారు, కానీ ఆ ఆలోచన మొదట వారికే రావలసింది. చిన్న సంస్థలు ఎవరైనా ఇలాంటి సర్వే చేయించుకుంటే, సంతకం చేసే ముందు ఈ ఒక్క విషయాన్ని రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ప్రసంగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వక్తకు మంచి గొంతు ఉంది, మా ఆఫీసు పిల్లలు చప్పట్లు కొట్టారు, మరుసటి రోజు ఆ ప్రసంగం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. అరకు యాత్ర ఆనందంగా సాగింది. రైలు పెట్టెలో సొరంగం వచ్చిన ప్రతిసారీ అందరూ కలిసి కేకలు వేశారు, బొర్రా గుహల దగ్గర బొంగులో చికెన్ తిన్నారు, ఫొటోలు తీసుకున్నారు. అలసిన మనుషులకు ఒక రోజు విశ్రాంతి దొరకడం మంచిదే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే అందుకు ఉత్సాహం పెంచే సంస్థతో పనిలేదు, ఒక బస్సు మాట్లాడుకుంటే సరిపోతుంది.

పాయింట్ల యాప్ గురించి మాత్రం వివరంగా రాయాలి, ఎందుకంటే మాకు నిజమైన నష్టం జరిగింది అక్కడే. ఎవరైనా సహోద్యోగికి సాయం చేస్తే పది పాయింట్లు, బగ్, అంటే సాఫ్ట్‌వేరులోని లోపం, సరిచేసి మూసేస్తే ఇరవై, శిక్షణ వీడియో పూర్తిచేస్తే పదిహేను అని లెక్క పెట్టారు. వారం వారం పేర్ల వరుస హాలులోని టీవీ తెర మీద కనిపించేది. మొదటి రెండు వారాలు సందడిగా ఉంది, సాయం చేసినట్టు నమోదులు రోజుకు పదుల సంఖ్యలో వచ్చాయి. మూడో వారంలో చూస్తే, ఒకే సందేహాన్ని మూడు ముక్కలు చేసి మూడుసార్లు అడగడం, చిన్న చిన్న బగ్‌లు ముందుగా మూసి కష్టమైనవాటిని పక్కన పెట్టడం మొదలైంది. ఇది మా పిల్లల దుర్బుద్ధి కాదు. ఏది కొలుస్తామో అదే ముఖ్యమని మేమే చెప్పినప్పుడు, వారు మా మాట విన్నారు.

మా దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఒక సీనియర్ డేటాబేస్ ఇంజినీరు ఉన్నారు. ఎవరు వచ్చి ఏ సందేహం అడిగినా కుర్చీ తిప్పి కూర్చుని, తన పని ఆపి, ఓపికగా చెప్పే మనిషి. కొత్తగా చేరినవారందరూ ఆయన దగ్గరే పని నేర్చుకున్నారు. తాను చేసిన సాయాన్ని యాప్‌లో నమోదు చేసుకునే అలవాటు ఆయనకు లేదు, సాయం పొందినవారు కూడా అలవాటు ప్రకారం "థ్యాంక్స్ అన్నా" అని వెళ్లిపోయేవారు. నాలుగో వారం తెర మీద ఆయన పేరు పద్దెనిమిదో వరుసలో ఉంది. ఆ సాయంత్రం టీ దగ్గర ఆయన నాతో, "నేను ఇన్నాళ్లూ చేసింది లెక్కలోకి రాదని నాకు తెలీదు సార్" అని, కప్పు పక్కన పెట్టి వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండు వారాల పాటు ఎవరైనా అడిగితే, "టికెట్ వేయండి, చూస్తాను" అనడం, అంటే ముందు సిస్టంలో అభ్యర్థన నమోదు చేయమనడం మొదలుపెట్టారు. పదకొండేళ్ల మంచి అలవాటును నాలుగు వారాల తెర చెరిపేసింది. యాప్‌ను నేను ఆ నెలలోనే ఆపించాను, ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన మునుపటిలా కుర్చీ తిప్పడానికి ఇంకో నెల పట్టింది.

ఇది మా ఒక్కరి అనుభవం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎడ్వర్డ్ డీసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో ప్రచురించిన ప్రయోగంలో, సోమా అనే ఘనాల ముక్కల పజిల్‌ను విద్యార్థుల చేత చేయించారు. ఒక బృందానికి మధ్యలో ఒక విడతలో మాత్రం పరిష్కరించిన ప్రతి పజిల్‌కూ ఒక డాలరు ఇచ్చి, తర్వాతి విడతలో డబ్బు ఆపేశారు. డబ్బు తీసుకున్నవారు, ఆ తర్వాత ఖాళీ సమయంలో పజిల్ మీద తమంతట తాము గడిపిన సమయం తగ్గిపోయింది. అప్పటిదాకా ఇష్టంతో చేసిన పని డబ్బు కోసం చేసే పనిగా మారిందన్నమాట. డీసీ, రిచర్డ్ రయాన్ కలిసి ఆ తర్వాత అభివృద్ధి చేసిన సిద్ధాంతం ప్రకారం, మనిషికి తన పని మీద తనకు కొంత అధికారం ఉండడం, ఆ పనిలో తాను సమర్థుడనన్న భావన కలగడం, తోటివారితో ఆత్మీయత ఉండడం అనే మూడూ మూలమైన అవసరాలు. మా తెర మొదటిదాన్ని తగ్గించింది, మూడోదాన్ని దెబ్బతీసింది. ఇంత పాత సంగతి, ఇదే వృత్తిగా ఉన్న సంస్థకు తెలియకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇక ఏకాంత సంభాషణలు. వీటి కోసం ఆ సంస్థ ముప్పై ఏళ్లు ఐటీలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దావిడను పంపింది. ఆవిడ ల్యాప్‌టాప్ తెచ్చుకోలేదు. గీతల పొడుగాటి నోటు పుస్తకం ఒకటి, రెండు పెన్నులు తెచ్చుకున్నారు. మీటింగ్ గదిలో బల్లకు ఎదురెదురుగా కాకుండా పక్క కుర్చీలో కూర్చుని, ప్రతి ఒక్కరినీ దాదాపు ఒకే ప్రశ్నతో మొదలుపెట్టారు: "నిన్న ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఏ పని మిగిలిపోయింది బాబూ? ఎందుకు మిగిలింది?" మీ లక్ష్యం ఏమిటి, మీరు ఐదేళ్లలో ఎక్కడ ఉండాలనుకుంటున్నారు వంటి ప్రశ్నలకు మా వాళ్లందరి దగ్గరా అప్రైజల్ కోసం సిద్ధం చేసుకున్న సమాధానాలున్నాయి. ఈ ప్రశ్నకు లేవు. అందుకే నిజం చెప్పారు.

ఆవిడ ఎవరు ఏం చెప్పారో నాకు చెప్పలేదు, అడ్డంకులను మాత్రమే పేర్లు లేకుండా రాసి ఇచ్చారు. 34 మందిలో 19 మంది, పని మధ్యలో ఎవరో ఒకరు వచ్చి ఆపడమే తమకు అన్నిటికంటే పెద్ద ఇబ్బంది అని చెప్పారు. 11 మంది, చేసిన పనిని మార్చమంటారు కానీ ఎందుకు మార్చాలో చెప్పరు అన్నారు. టెస్టింగ్ చేసే ఐదుగురికి ఉన్నది ఒకే టెస్ట్ సర్వరు. ఒక జట్టు వాడుతుంటే రెండో జట్టు మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చోవాలి. రెండో సర్వరుకు నెలకు ఆరు వేల రూపాయలు ఖర్చవుతుంది. ఆ అభ్యర్థన ఎనిమిది నెలలుగా నా మెయిల్‌లోనే ఉంది. నేను దాన్ని ఖర్చుల జాబితాలో ఒక వరుసగా చూశానే తప్ప, ప్రతి ఉదయం ఆ ఐదుగురిలో కొందరు పని చేయాలని వచ్చి చేయలేక కూర్చోవడంగా చూడలేదు. ఆ రోజే ఆమోదించాను. 1,80,540 రూపాయలు ఖర్చుపెట్టి ఉత్సాహం కొనుక్కోవడానికి బయల్దేరిన సంస్థ, ఆరు వేలకు వెనకాడి ఉన్న ఉత్సాహాన్ని రోజూ చంపుకుంటూ వచ్చింది.

పని మధ్యలో ఆపడం గురించి సాఫ్ట్‌వేర్ రంగంలో ఎప్పటి నుంచో తెలిసిన ఒక పరిశీలన ఉంది. సాఫ్ట్‌వేర్ నిపుణులు టామ్ డిమార్కో, టిమోతీ లిస్టర్ 1984 నుంచి 1986 దాకా 92 సంస్థలకు చెందిన 600 మందికి పైగా ప్రోగ్రామర్లకు వారి వారి కార్యాలయాల్లోనే పోటీలు నిర్వహించారు. పనితీరులో మొదటి పావు భాగంలో నిలిచినవారికి సగటున 78 చదరపు అడుగుల స్థలం ఉంటే, చివరి పావు భాగానికి 46 చదరపు అడుగులే ఉంది. తమ చోటు తగినంత నిశ్శబ్దంగా ఉందని చెప్పినవారు మొదటి భాగంలో 57 శాతం, చివరి భాగంలో 29 శాతం. మా హాలు 1,500 చదరపు అడుగులు. 34 మందికి పంచితే మనిషికి 44 చదరపు అడుగులు. అందరూ ఒకే హాలులో కూర్చుంటే బాగా మాట్లాడుకుంటారన్న ఉద్దేశంతోనే నేను మధ్య గోడలు తీయించాను. ఆ నమ్మకం కూడా నిలిచేది కాదు: గోడలు తీసేసిన కార్యాలయాల్లో ముఖాముఖి సంభాషణలు సుమారు 70 శాతం తగ్గాయని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. మా హాలులో పక్క కుర్చీ మనిషికి కూడా చాట్‌లోనే సందేశం పంపడం ఎందుకు అలవాటైందో అప్పుడు నాకు అర్థమైంది.

గోడలు మళ్లీ కట్టించలేము కాబట్టి, పెద్దావిడ సూచన మీద ఉదయం పది నుంచి పన్నెండున్నర దాకా నిశ్శబ్ద వేళగా పెట్టుకున్నాము. ఆ సమయంలో మీటింగులు ఉండవు, ఎవరినీ భుజం తట్టి పిలవకూడదు. ఏజెంట్ల నుంచి వచ్చే సపోర్ట్ ఫోన్లన్నీ రోజుకొకరు వంతుల వారీగా తీసుకుంటారు. ఆ రోజు ఆ మనిషికి వేరే పని ఇవ్వము. మొదటి వారంలో నేనే మూడుసార్లు నియమం తప్పాను, మూడుసార్లూ ఒక జూనియర్ ఇంజినీరు చేతితో గడియారం వైపు చూపించాడు. ఆ అబ్బాయి అలా చూపించగలిగినందుకు నాకు సంతోషం కలిగింది. ఇప్పుడు ఆ రెండున్నర గంటల్లో హాలులో ఏసీ చప్పుడు, కీబోర్డుల చప్పుడు తప్ప మరేమీ వినపడదు. రాత్రి ఎనిమిది దాకా కూర్చుని పని ముగించేవారిలో చాలామంది ఆరున్నరకు బయల్దేరుతున్నారు.

సంభాషణల్లో బయటపడిన మరో విషయం క్యాబ్. రిలీజ్, అంటే సాఫ్ట్‌వేర్ మార్పులను వాడేవారికి విడుదల చేసే పని, ఉన్న రాత్రుల్లో ఆలస్యంగా వెళ్లే అమ్మాయిల్లో గాజువాకలో ఉండే ఒకరిని డ్రైవరు మెయిన్ రోడ్డు మీదే దింపి వెళ్లిపోతున్నాడు, అక్కడి నుంచి ఆమె ఇంటికి చీకటి సందులో నడక. రుషికొండ నుంచి గాజువాక అంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు. అంత దూరం వెళ్లాక లోపలి వీధికి తిప్పడానికి డ్రైవరు ఒప్పుకోడు. ఆమె ఆరు నెలలుగా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. క్యాబ్ ఏజెన్సీని మార్చి, ఇంటి గుమ్మం దగ్గరే దింపాలని, ఇంట్లోకి వెళ్లినట్టు ఆమె నుంచి సందేశం వచ్చాకే ట్రిప్పు ముగిసినట్టు లెక్క అని రాయించుకున్నాము. మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో వెల్లడించిన నిర్ధారణ ఇక్కడ గుర్తుచేసుకోదగినది. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ వంటివి సరిగా లేకపోతే మనిషికి అసంతృప్తి కలుగుతుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదు. ప్రేమ పుట్టించేవి వేరు: సాధించానన్న తృప్తి, గుర్తింపు, పని స్వభావం, బాధ్యత, ఎదుగుదల. క్యాబ్ బాగుచేసినందుకు ఆ అమ్మాయి కోడ్ మెరుగ్గా రాస్తుందని నేను అనను. అయితే నలభై ప్రశ్నల సర్వేలో ఇంటికి క్షేమంగా చేరుతున్నారా అన్న ప్రశ్న ఒక్కటి కూడా లేదు. ఆ లోపం నన్ను ఇప్పటికీ కలవరపెడుతోంది.

అన్నిటికంటే విలువైనది సందర్శన. వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర, మెట్లెక్కి వెళ్లే ఒక సీహెచ్‌ఏ కార్యాలయానికి మా జట్టులోని ఐదుగురం ఒక గురువారం పొద్దున్న వెళ్లాము. బీరువాల మీద దాకా ఫైళ్లు, కిటికీ పక్కన రెండు కంప్యూటర్లు. అక్కడ పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక గుమాస్తా మా సాఫ్ట్‌వేరులో బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు కోసం కస్టమ్స్‌కు దాఖలు చేసే పత్రం, తయారుచేస్తున్నారు. ఆయన మానిటరు కింది అంచుకు సెల్లోటేపుతో ఒక కాగితం ముక్క అంటించి ఉంది. దాని మీద నీలం ఇంకుతో, "రేటు ముందు. తర్వాతే ఐటెమ్‌లు. వెనక్కి వెళ్లవద్దు" అని రాసి ఉంది. టేపు పసుపుపచ్చగా మారింది, అంటే ఆ కాగితం చాలా కాలంగా అక్కడే ఉందన్నమాట.

మా జట్టులో ఆ స్క్రీన్ రాసిన అమ్మాయి ఆ కాగితం గురించి అడిగింది. ఆయన చేసి చూపించారు. ఇన్వాయిస్‌లోని సరుకులన్నీ ఒక్కొక్క వరుసగా, ఒక్కొక్కదానికి సరుకు రకాన్ని తెలిపే ఎనిమిది అంకెల టారిఫ్ కోడుతో సహా ఎక్కించాక, కస్టమ్స్ మారకపు రేటు సరిచేయడానికి వెనకటి పేజీకి వెళితే, తిరిగి వచ్చేసరికి కోడులన్నీ మాయమవుతున్నాయి. అరవై వరుసలుంటే అరవై మళ్లీ కొట్టాలి. "అమ్మా, ఇది రాసింది మీరేనా?" అని ఆయన అడిగారు. "నేనేనండీ" అంది. "ఇదొక్కటి సరిచేసి పెట్టండమ్మా. మా కుర్రాడు కొత్తవాడు, కాగితం చూసుకోకుండా వెనక్కి వెళతాడు, రోజూ చీవాట్లు తింటాడు" అన్నారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు, ఇంటికి వచ్చిన మనిషిని చిన్న సాయం అడుగుతున్నట్టుగా ఉంది.

ఆ లోపం మా జాబితాలో ఉంది. ఏడాదికి పైగా "తక్కువ ప్రాధాన్యం" అన్న గుర్తుతో, ఒక నంబరుగా ఉంది. దానికి యాప్‌లో ఇరవై పాయింట్లు వస్తాయి, అయినా ఎవరూ ముట్టుకోలేదు, ఎందుకంటే సరిచేయాలంటే ఆ పేజీ అంతా తిరగరాయాలి. తిరుగు ప్రయాణంలో జగదాంబ సెంటరు దాటేదాకా ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. శుక్రవారం, సోమవారం రెండు రోజులు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే ఆ పేజీ తిరగరాసింది. మంగళవారం టెస్టింగ్ అయింది, బుధవారం రాత్రి రిలీజ్ అయింది. గురువారం మధ్యాహ్నం ఆ గుమాస్తా గారు ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి ఆమెనే అడిగారు. "కాగితం తీసేశానమ్మా" అన్నారట. ఆమె ఆ మాట చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది. నేను పదిహేడేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. జీతం పెంచుతూ హైక్ లెటరు చేతికిచ్చినప్పుడు అలాంటి ముఖం ఎవరిదీ చూడలేదు.

రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే పరిశోధకులు 1970వ దశకంలో చెప్పిన మాట ఇదే. పనిలో రకరకాల నైపుణ్యాలు వాడే అవకాశం, మొదటి నుంచి చివరి దాకా ఒక పూర్తి పని చేశానన్న గుర్తు, ఆ పని ఇతరుల జీవితంలో తెచ్చే మార్పు, స్వేచ్ఛ, ఫలితం గురించిన సమాచారం, ఈ ఐదూ పనిని అర్థవంతం చేస్తాయని వారు గుర్తించారు. మా కార్యాలయంలో మూడోది, ఐదోది పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. వాడేవారి మాట సపోర్ట్ విభాగానికి, అక్కడి నుంచి మేనేజరుకు, అక్కడి నుంచి టికెట్‌గా ఇంజినీరుకు చేరేసరికి అందులో మనిషి మిగలడం లేదు. తెరీసా అమాబైల్ అనే పరిశోధకురాలి బృందం ఏడు సంస్థల్లోని 238 మంది రాసిన సుమారు 12,000 రోజువారీ డైరీ నమోదులు చదివి, అర్థవంతమైన పనిలో ముందడుగు పడిన రోజునే ఉద్యోగులు అన్నిటికంటే ఉత్సాహంగా ఉన్నారని తేల్చింది. అది చిన్న అడుగైనా సరే. ఒక కాగితం ముక్క మానిటరు మీద నుంచి ఊడి రావడం అలాంటి అడుగే.

ఈ సందర్భంలో 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గుర్తుకు వస్తోంది. అప్పుడు నేను వేరే సంస్థలో ఇంజినీరును. నగరంలో కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా పడిపోయిన చెట్లు. హైవే మీద దారి దొరకగానే ల్యాప్‌టాప్‌లు, బ్యాకప్ డిస్కులు సంచుల్లో పెట్టుకుని ఆరుగురం రాజమండ్రి వెళ్లి, ఒక లాడ్జి గదిలో తొమ్మిది రోజులు పనిచేశాము. మా సాఫ్ట్‌వేర్ ఆగితే ఒక ఆసుపత్రి బిల్లింగు ఆగిపోతుందని మాకు తెలుసు. మమ్మల్ని ఎవరూ వెళ్లమనలేదు, వెళ్లినందుకు ఏదో ఇస్తామని కూడా అనలేదు. మేనేజరునయ్యాక ఆ తొమ్మిది రోజుల పాఠాన్ని నేను మరచిపోయాను.

శిక్షణ సంస్థ వారి నివేదికలో ఒక చోట, సాఫ్ట్‌వేర్ పనివారికి ఎదుగుదల మీద కోరిక ఎక్కువ, మనుషులతో కలవాలన్న కోరిక తక్కువ అని రాశారు. ఇది డేనియల్ కూగర్, రాబర్ట్ జవాకీ అమెరికాలో చేసిన పరిశోధనలో తేలిన విషయం, 1980 ప్రాంతం నాటిది. మొదటి సగం మా దగ్గర కూడా అక్షరాలా నిజం. కొత్త సాంకేతికత మీద పని దొరకదని తెలిసిన రోజునే మా పిల్లలు రెజ్యూమే తీస్తారు. రెండో సగాన్ని నేను ఒప్పుకోలేను. మధ్యాహ్నం ఒంటిగంటకు మా భోజనాల గదిలో క్యారేజీలు తెరిచినప్పుడు ఎవరి కూర ఎవరు తింటున్నారో చెప్పడం కష్టం. శ్రీకాకుళం నుంచి వచ్చిన అబ్బాయికి హాస్టల్ తిండి పడదని, రోజూ రెండు ముద్దల పప్పన్నం ఎక్కువ తెచ్చే మనిషి ఉన్నారు. బయటి దేశంలో నాలుగు దశాబ్దాల కింద వచ్చిన ఫలితాన్ని విశాఖలో యథాతథంగా అంటించే ముందు, నివేదిక రాసినవారు ఒక్క రోజు మాతో కూర్చుని భోజనం చేసి ఉంటే బాగుండేది.

ఆ నివేదిక నాణ్యత గురించి కూడా చెప్పాలి. రంగుల పటాలతో 42 పేజీలు ఇచ్చారు. 31వ పేజీలో, "మీ షోరూమ్ సిబ్బంది ఖాతాదారులను నవ్వుతూ పలకరించేలా" అని ఒక పేరా ఉంది. మాకు షోరూమ్ లేదు. వేరే సంస్థకు రాసినదాన్ని తెచ్చి మా దానిలో పెట్టారన్నమాట. అడిగితే క్షమించమన్నారు, రెండు రోజుల్లో సరిచేసి పంపారు. పెద్దావిడ చేత్తో రాసి ఇచ్చిన మూడు పేజీల అడ్డంకుల పట్టికను మాత్రం నేను ఇప్పటికీ సొరుగులో ఉంచుకుని, నెలకొకసారి తీసి చూస్తున్నాను. అందులోని 27 అంశాల్లో 16 పూర్తయ్యాయి.

ఫలితాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. కార్యక్రమం మొదలైన దగ్గర నుంచి ఇప్పటిదాకా ఒక్కరు మాత్రమే రాజీనామా చేశారు, అదీ పెళ్లై బెంగళూరు వెళ్లడం వల్ల. దీన్ని కార్యక్రమం గొప్పతనంగా చెప్పడానికి మూడు నెలల కాలం చాలదు. నేను ధైర్యంగా చెప్పగలిగినవి రెండే: సాయంత్రాలు ఖాళీ అయ్యాయి, పాత బగ్‌ల జాబితాలో ఏడాది దాటినవి సగానికి పైగా తగ్గాయి.

ఇలాంటి కార్యక్రమం కొనాలనుకునే విశాఖ సంస్థలకు నా సలహా, మొత్తం ప్యాకేజీ తీసుకోవద్దని. అంశాలను విడివిడిగా ఇస్తారా అని అడగండి. మాకు మొదట కుదరదన్నారు, రెండోసారి గట్టిగా అడిగితే ఇచ్చారు. సంభాషణలకు వచ్చే మనిషి ఐటీలో పనిచేసినవారై ఉండాలని, ముందుగా మీరు ఆ మనిషితో ఒక గంట మాట్లాడాలని పట్టుబట్టండి. ఏకాంతంగా చెప్పిన మాటలు యాజమాన్యానికి చేరవని ఒప్పందంలోనే రాయించండి. పేర్ల వరుస చూపించే ఏ యాప్‌నూ హాలులోకి రానివ్వవద్దు. సందర్శన కోసం మాత్రం శిక్షణ సంస్థ అవసరమే లేదు, మీ సాఫ్ట్‌వేరును వాడేవారిని మీరే అడగవచ్చు. మా అనుభవంలో అడిగిన నలుగురు ఏజెంట్లూ సంతోషంగా రమ్మన్నారు.

మేము రెండో విడతకు సంభాషణలు ఒక్కటే కొన్నాము, 34 మందికి కలిపి జీఎస్టీ కాక 40,000 రూపాయలకు. పెద్దావిడే రావాలని షరతు పెట్టాము. సందర్శనలు నెలకొకటి చొప్పున మేమే ఏర్పాటు చేసుకుంటున్నాము. వచ్చే గురువారం టెస్టింగ్ జట్టు పాత పోస్టాఫీసు దగ్గరి అదే కార్యాలయానికి వెళుతోంది. ఆ గుమాస్తా గారు ఈసారి ఎగుమతి వైపు షిప్పింగ్ బిల్లు స్క్రీన్ చూపిస్తానని, అక్కడ కూడా ఒక కాగితం అంటించి ఉందని ఫోన్‌లో చెప్పారు.